ఆటిజం గల పిల్లలు - ఇల్లు, బడి, భాష: చేవెళ్ల, మొయినాబాద్ నేపథ్యంలో విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఆటిజం గల పిల్లల పెంపకాన్ని గురించిన తెలుగు చర్చ ఎక్కువగా వైద్యం, ఓదార్పు అనే రెండు ధోరణుల మధ్యనే సాగుతున్నది. ఆ పిల్లలను వర్ణించే భాష వారి చదువును, బతుకును ఎంతవరకు నిర్ణయిస్తున్నదన్న ప్రశ్న వెనుకబడిపోయింది. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం, సికింద్రాబాదు నుండి 2009లో వెలువడిన భారతీయ ఆటిజం మదింపు కొలమానం (ఐఎస్ఏఏ), 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం అనే మూడు పత్రాలను ఈ వ్యాసం పాఠ్యాలుగా స్వీకరిస్తుంది. రంగారెడ్డి జిల్లాలోని చేవెళ్ల, మొయినాబాద్ మండలాల భాషా సామాజిక నేపథ్యంలో వాటిని చదివి, తెలుగు వాక్యనిర్మాణాన్ని లెక్కలోకి తీసుకోని మదింపు, బోధన అసంపూర్ణమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఆటిజం, మాతృభాష, సర్వనామ వ్యత్యయం, సమ్మిళిత విద్య, భవిత కేంద్రాలు, చేవెళ్ల, మొయినాబాద్.

1. ఉపోద్ఘాతం:

హైదరాబాదు నుండి బీజాపూర్ వెళ్లే రహదారి మొయినాబాద్, చేవెళ్లల మీదుగా సాగుతుంది. దారికి ఇరువైపులా పాత మర్రిచెట్లు, వాటి వెనుక కూరగాయల మళ్లు, పూలతోటలు, వాటి మధ్యన ఫామ్‌హౌసులు, ఇంజనీరింగ్ కళాశాలలు, ప్రైవేటు బడులు కనిపిస్తాయి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల పరీవాహక రక్షణ కోసం 1996లో వచ్చిన 111 జీవో ఈ ప్రాంతంలోని అనేక గ్రామాలను నగరానికి దగ్గరగా ఉంచుతూనే నగరం కాకుండా నిలిపింది. అటు పల్లెకు, ఇటు పట్నానికి పూర్తిగా చెందని ఈ ఇరుస్థితి ఇక్కడి ఆటిజం గల పిల్లల బతుకులోనూ ప్రతిఫలిస్తుంది. ఇంట్లో తెలంగాణ తెలుగు, అంగట్లో దక్కనీ ఉర్దూ, బడిలో ఇంగ్లీషు, నగరంలోని థెరపీ గదిలో తరచుగా ఇంగ్లీషు లేదా హిందీ. మాటే కష్టమైన పిల్లవాడి చుట్టూ ఇన్ని భాషలున్నాయి. వీటిలో ఏది అతనిది అన్న ప్రశ్న మాత్రం అరుదుగానే వినిపిస్తుంది.

ఈ వ్యాసం క్షేత్రపర్యటన నివేదిక కాదు. పత్రాలలోని భాషను, ఇంటి భాషను, బడి భాషను పక్కపక్కన పెట్టి చదివే పాఠ్యవిమర్శ. భాష, సాహిత్యం బోధించేవారికి ఈ విషయంలో వైద్యులకు లేని బాధ్యత ఒకటున్నదని నిరూపించడం దీని ఉద్దేశం.

2. పేరు - 'లీనత' అనే అపోహ:

'స్వయం' అనే అర్థం గల గ్రీకు పదం నుండి 1911లో స్విట్జర్లాండ్ మనోవైద్యుడు బ్లాయిలర్ 'ఆటిజం' అన్న మాటను కల్పించాడు. ఆయన దానిని స్కిజోఫ్రేనియా లక్షణాన్ని చెప్పడానికి వాడాడు. 1943లో అమెరికాలో లియో కానర్ పదకొండుమంది పిల్లలను వర్ణిస్తూ దానికి కొత్త అర్థాన్నిచ్చాడు. మరుసటి ఏడాది వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ ఇటువంటి పరిశీలననే ప్రచురించాడు. పేరు మాత్రం మొదటి అర్థపు నీడను వదలలేదు. హిందీలో ఏర్పడిన 'స్వలీనతా' అన్న పదం ఆ నీడను మరింత చిక్కబరిచింది.

'లీనం' అన్న మాటకు మన సాహిత్యసంప్రదాయంలో ధ్యానచ్ఛాయ ఉన్నది. తనలో తాను లీనమైనవాడు బయటి ప్రపంచం పట్టనివాడు. ఆటిజం గల అనేకమంది పిల్లల అనుభవం దీనికి సరిగ్గా తలకిందులు. మిక్సీ మోత, ఫంక్షన్ హాల్ డీజే, బడిగంట, కొత్తబట్టల గరుకు, తాలింపు వాసన వారిని అందరికన్నా ఎక్కువగా తాకుతాయి. చెవులు మూసుకున్న పిల్లవాడు ప్రపంచాన్ని పట్టించుకోనివాడు కాడు. ప్రపంచం మోయలేనంతగా మీదపడినవాడు. ఇంద్రియ ప్రతిస్పందనలోని ఈ అతి, అల్ప స్థాయిలను అమెరికన్ మనోవైద్య సంఘపు నిర్ధారణ గ్రంథం 2013 నాటి ఐదవ కూర్పులో లక్షణాల జాబితాకు చేర్చింది. కనుక తెలుగులో 'ఆటిజం' అన్న ఎరువుపదమే మేలు. అర్థం లేని పేరు వల్ల కలిగే నష్టం కన్నా తప్పుదారి పట్టించే పేరు వల్ల కలిగే నష్టం పెద్దది. 'మందబుద్ధి', 'బుద్ధిమాంద్యం' వంటి మాటలను దీనికి పర్యాయాలుగా వాడటం మరొక దోషం. ఆటిజంతోపాటు మేధోవైకల్యం కొందరిలో ఉంటుంది, కొందరిలో ఉండదు. రెండూ ఒకటి కావు.

3. చట్టం - రెండు నిర్వచనాలు:

1995 నాటి వికలాంగుల చట్టం ఏడు వైకల్యాలను గుర్తించింది. అందులో ఆటిజం లేదు. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం దానికి తొలిసారి చట్టబద్ధమైన చోటు కల్పించింది. 2016 నాటి హక్కుల చట్టం ఇరవై ఒక్క వైకల్యాలలో ఒకటిగా దానిని చేర్చింది. దీనిని సాధారణంగా పురోగతిగానే చెప్పుకుంటారు. హక్కుల పరంగా అది నిజమే. నిర్వచనాల భాషను పోల్చినప్పుడు మాత్రం చిత్రం కొంత మారుతుంది.

1999 చట్టం ఆటిజాన్ని నైపుణ్యాలు అసమానంగా వికసించే స్థితిగా మొదలుపెట్టి, అది ప్రధానంగా సంభాషణను, సామాజిక సామర్థ్యాలను ప్రభావితం చేస్తుందని చెబుతుంది. 'అసమానంగా' అన్న ఒక్క విశేషణంలో ఒక అవకాశం దాగి ఉన్నది. ఒకచోట తగ్గినది మరొకచోట తగ్గకపోవచ్చు. 2016 నిర్వచనం నాడీవికాస స్థితి అన్న శాస్త్రీయపదంతో మొదలవుతుంది. జీవితపు తొలి మూడేళ్లలో కనిపిస్తుందని కాలాన్ని నిర్దేశిస్తుంది. సంభాషించే, సంబంధాలను గ్రహించే, ఇతరులతో కలిసే శక్తులు గణనీయంగా ప్రభావితమవుతాయని వివరిస్తుంది. ఇందులో శాస్త్రీయత పెరిగింది, 'అసమానత' జారిపోయింది. నిర్వచనంలో బలానికి చోటు లేనప్పుడు ధ్రువపత్రంలోనూ దానికి చోటుండదు. అక్కడ మిగిలేది శాతం మాత్రమే.

రెండు నిర్వచనాలకూ ఉమ్మడిగా ఉన్న మాట మరొకటి ఉన్నది. పిల్లల పునరావృత చేష్టలను చెప్పడానికి రెండూ కర్మకాండ, క్రతువు అన్న అర్థమిచ్చే ఇంగ్లీషు పదాన్నే వాడాయి. ఈ పదం ఆరవ విభాగంలో మళ్లీ చర్చకు వస్తుంది.

4. కొలమానం - తెలుగు వాక్యం:

ఇప్పుడు జాతీయ మేధో దివ్యాంగుల సాధికారత సంస్థగా పిలుస్తున్న బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లోని సంస్థ 1984లో ఏర్పడింది. ఐఎస్ఏఏను రూపొందించినది ఆ సంస్థే. ఇందులో ఆరు విభాగాలు, నలభై అంశాలు ఉన్నాయి. ఒక్కో అంశానికి ఒకటి నుండి ఐదు వరకు గుణాంకం ఇస్తారు. మొత్తం డెబ్భైకి తక్కువైతే ఆటిజం లేదని, 70 నుండి 106 వరకు స్వల్పమని, 107 నుండి 153 వరకు మధ్యస్థమని, ఆపైన తీవ్రమని లెక్క. విదేశీ కొలమానాల మీద ఆధారపడే దేశంలో ఇది విలువైన ప్రయత్నం. ధ్రువపత్రానికి, పింఛనుకు, రాయితీలకు దారి దీని గుండానే వెళుతుంది.

భాషా విభాగంలోని ఒక అంశం సర్వనామాల తారుమారు. 'నేను' అనవలసినచోట 'నువ్వు' అనడాన్ని కానర్ 1943లోనే గమనించాడు. ఇంగ్లీషులో ఇది స్పష్టంగా వినిపిస్తుంది, ఎందుకంటే ఆ భాషలో వాక్యానికి సర్వనామం తప్పనిసరి. తెలుగులో అది తప్పనిసరి కాదు. కర్త ఎవరో క్రియాంతంలోని పురుషప్రత్యయమే చెబుతుంది. చేవెళ్ల ఇంట్లో తల్లి 'అన్నం తింటవా?' అని అడుగుతుంది. విన్నమాటను తిరిగిచెప్పే పిల్లవాడు ఆకలైనప్పుడు 'అన్నం తింటవా' అంటాడు. ఇక్కడ 'నేను' లేదు, 'నువ్వు' లేదు. వ్యత్యయం మాత్రం ఉన్నది. అది క్రియ చివర దాక్కున్నది. 'సర్వనామాలు తారుమారు చేస్తాడా?' అన్న ప్రశ్నకు ఆ తల్లి 'లేదు' అని నిజాయితీగానే జవాబిస్తుంది. అంశం తప్పు కాదు. అది తెలుగు వాక్యాన్ని ఉద్దేశించి అడిగిన ప్రశ్న కాదు.

దీనికి తోడు తెలుగు ఇంటి పిలుపులు ఒక చిక్కును తెస్తాయి. తల్లి కొడుకును 'నాన్నా' అని, కూతురును 'అమ్మా' అని ముద్దుగా పిలుస్తుంది. తనను తాను 'అమ్మ వస్తది' అని ప్రథమపురుషలో చెప్పుకుంటుంది. మాటను ఉన్నదున్నట్టుగా గ్రహించే పిల్లవాడికి ఇంట్లో 'నాన్న' ఎవరో తేల్చుకోవడం తేలిక కాదు. ఒక్కరినే 'మీరు' అని బహువచనంలో పిలవమనడం మరొక పజిలు. ఉపాధ్యాయుడిని 'రా' అన్న పిల్లవాడికి పొగరు అంటగట్టే ముందు ఈ వ్యాకరణభారాన్ని గుర్తించవలసి ఉంటుంది.

తెలుగు ఈ పిల్లలకు అడ్డంకి మాత్రమే కాదు. తెలుగులో ఆకలి, నిద్ర, నొప్పి, కోరిక వంటి భావాలు, అనుభవించే వ్యక్తిని సూచించే పురుషప్రత్యయం అవసరం లేని వాక్యాలలో ఒదుగుతాయి. 'నీళ్లు కావాలె', 'ఆకలైతుంది', 'నిద్ర వస్తుంది', 'కడుపు నొస్తుంది' అన్న వాక్యాలలో 'నాకు' అన్నది చెప్పకపోయినా వాక్యం నిండుగానే ఉంటుంది. తల్లి 'నీళ్లు తాగుతవా?' అని అడిగే బదులు, పిల్లవాడు కుండవైపు చూసిన క్షణాన 'నీళ్లు కావాలె' అని అతని తరఫున పలికితే, అతను దానిని యథాతథంగా అనుకరించినా అది సరైన వాక్యమే అవుతుంది. అనుకరణను అణచవలసిన లక్షణంగా కాక భాషలోకి వచ్చే ద్వారంగా తీసుకునే బోధనకు తెలుగు వ్యాకరణం ఈ విధంగా సహకరిస్తుంది. ఇది భాషాశాస్త్ర శాఖలు, ప్రత్యేక విద్యా శాఖలు కలిసి పరీక్షించదగిన ప్రతిపాదన.

ఇందుకు భిన్నంగా 'ఇంట్లో కూడా ఇంగ్లీషే మాట్లాడండి' అన్న సలహా తల్లిదండ్రులకు తరచుగా అందుతుంది. ద్విభాషా వాతావరణం ఆటిజం గల పిల్లల భాషావికాసాన్ని అదనంగా కుంటుపరుస్తుందనడానికి గత రెండు దశాబ్దాల పరిశోధనలు ఆధారం చూపలేదు. రాని భాషలో మాట్లాడవలసి వచ్చిన తల్లి మాత్రం తక్కువ మాట్లాడుతుంది. నానమ్మ అసలే మానేస్తుంది. మాట అత్యవసరమైన ఇంట్లో మాట తగ్గిపోతుంది.

5. ఇల్లు - ఓదార్పు, నింద:

మాట ఆలస్యమైన పిల్లవాడి ఇంట్లో మొదట వినిపించేది ఓదార్పు. మగపిల్లలకు మాటలు ఆలస్యంగా వస్తాయని, మేనమామకూ అట్లాగే వచ్చాయని చెబుతారు. వస అరగదీసి నాకిస్తారు. తెగ మాట్లాడేవాడిని 'వసపిట్ట' అనే జాతీయం ఆ నమ్మకం ఎంత పాతదో చెబుతుంది. ఈ ఓదార్పులో ప్రేమ ఉన్నది. నష్టమూ ఉన్నది, ఎందుకంటే తోడ్పాటు తొందరగా అందవలసిన ఏళ్లు అందులోనే గడిచిపోతాయి. ఆడపిల్ల విషయంలో ఈ ఆలస్యం ఇంకా దీర్ఘం. ఎవరితోనూ కలవక ఒక మూల కూర్చునే అమ్మాయికి 'నెమ్మదస్తురాలు' అన్న ప్రశంస దొరుకుతుంది. ప్రశంస దొరికినచోట పరీక్షకు తీసుకువెళ్లే వారుండరు.

ఓదార్పు ముగిసినచోట నింద మొదలవుతుంది. దీనికొక అంతర్జాతీయ చరిత్ర ఉన్నది. తల్లిదండ్రుల ఆదరణలేమి ఆటిజానికి కారణమన్న వాదాన్ని బెటల్‌హైమ్ 1967 నాటి తన గ్రంథంతో ప్రచారంలో నిలిపాడు. అంతకు మూడేళ్ల ముందే, స్వయంగా ఆటిజం గల కొడుకున్న బెర్నార్డ్ రిమ్లాండ్ ఆ వాదాన్ని ఖండిస్తూ జీవసంబంధమైన మూలాలను చర్చించాడు. శాస్త్రం ఆ నిందను వదిలేసి చాలా కాలమైంది. సమాజం దాని రూపం మార్చుకున్నది. నేడు అది 'తల్లి ఫోన్ చేతికిచ్చింది' అన్న వాక్యంగా తిరిగివచ్చింది. తెరముందు గడిపే కాలం పెరిగితే పిల్లలకు మాట్లాడే అవకాశాలు తగ్గుతాయన్నది ఒప్పుకోదగినదే. అయితే ప్రచారంలో ఉన్న 'వర్చువల్ ఆటిజం' అన్న నిర్ధారణ గుర్తింపు పొందిన వ్యాధి వర్గీకరణలలో లేదు. పొలానికో, కూలికో, ఉద్యోగానికో వెళ్లే తల్లి వంట చేసేటప్పుడు పిల్లవాడి చేతిలో ఫోన్ పెట్టడం కారణం కాదు. ఆమెకు మరో మనిషి తోడు లేకపోవడానికి అది చిహ్నం.

'మొక్కై వంగనిది మానై వంగునా' అన్న సామెత ఇక్కడ ప్రత్యేకంగా పరిశీలించదగినది. తొందరగా మొదలుపెట్టాలన్న మేరకు అది సరైనదే. మొక్క వంగాలన్న షరతే చిక్కు తెస్తుంది. కళ్లలోకి చూడమని గడ్డం పట్టి తిప్పడం, చేతులు ఊపకుండా కట్టిపెట్టడం ఆ వంచడంలో భాగాలే. పెద్దల ముందు తల దించుకోవడమే మర్యాదగా నేర్పిన ఇళ్లలో చూపు కలపకపోవడం ఎంతవరకు లక్షణం, ఎంతవరకు సంస్కారం అన్నది కూడా మదింపు చేసేవారు వేరుచేయవలసిన అంశం. పెంపకం వంచడం కాదు. ఏ నేలలో, ఏ నీడలో ఆ మొక్క ఎదుగుతుందో కనిపెట్టడం.

6. పునరావృతం - లక్షణమా, ఆచారమా?:

మొయినాబాద్ మండలంలోని చిలుకూరు బాలాజీ ఆలయంలో మొక్కుకున్నవారు పదకొండు ప్రదక్షిణలు, కోరిక తీరినవారు నూటెనిమిది ప్రదక్షిణలు చేస్తారు. లెక్క తప్పకుండా, ఒకే దారిలో, ఒకే దిశలో తిరగడం అక్కడ భక్తి. అదే వేగంతో ఇంటి నడవలో తిరిగే పిల్లవాడి నడక చట్టం దృష్టిలో క్రతువు వంటి చేష్ట, కొలమానంలో ఒక గుణాంకం. బతుకమ్మను పేర్చేటప్పుడు తంగేడు, గునుగు, బంతి వరుస తప్పకుండా పేర్చడం నేర్పు. బొమ్మకార్లను వరుస తప్పకుండా పేర్చడం లక్షణం.

ఈ పోలికను అతిగా సాగదీయరాదు. భక్తుడు ప్రదక్షిణ ఆపగలడు. పిల్లవాడికి ఆపడం యాతన. నిద్రలేని రాత్రులను, తలను గోడకు కొట్టుకునే క్షణాలను ఏ సాంస్కృతిక వ్యాఖ్యానమూ తేలికపరచలేదు. అయినా ఈ పోలిక ఒక విషయాన్ని స్పష్టం చేస్తుంది. పునరావృతం తనంతట తాను దోషం కాదు. అందులో పదిమంది కలిసినప్పుడు దానికి అర్థం ఏర్పడుతుంది. బతుకమ్మ పేర్చేచోట ఆ పిల్లకు ఒక వరుస అప్పగించడం, పూలను రంగులవారీగా వేరుచేసే పనిలో చోటివ్వడం, చప్పట్ల చుట్టు నుండి కొంచెం ఎడంగా కూర్చునే వీలు కల్పించడం ఆ అర్థాన్ని పంచుకోవడమే.

ప్రసిద్ధ సినిమాలు మరో దారి పట్టాయి. 1988 నాటి 'రెయిన్ మ్యాన్'లో అద్భుతమైన జ్ఞాపకశక్తి, 2010 నాటి 'మై నేమ్ ఈజ్ ఖాన్'లో అసాధారణ దీక్ష కథానాయకుడిని ప్రేక్షకుడికి ఆమోదయోగ్యం చేస్తాయి. లోటుకు పరిహారంగా ప్రతిభ ఉండితీరాలన్న ఈ సూత్రం తల్లిదండ్రుల మీద కొత్త బరువు వేస్తుంది. ఏ అద్భుతమూ చేయని, పెరుగన్నం తప్ప మరేదీ తినని, తన పేరు మాత్రమే పలికే పిల్లవాడికి ఆ కథలలో చోటు లేదు. చిక్కుడుకాయల బుట్ట ముందు కూర్చుని ఒక్కొక్కటి ఏరే పనిలో అతనికి చోటున్నది. ఆ చోటును గుర్తించే కథ రావలసి ఉన్నది.

7. బడి - హక్కు, దూరం:

2009 విద్యాహక్కు చట్టం, 2012 సవరణ, 2016 చట్టంలోని 16, 31 సెక్షన్లు కలిసి బడి తలుపును చట్టపరంగా తెరిచాయి. వివక్ష లేకుండా చేర్చుకోవడం, తగిన సర్దుబాట్లు చేయడం విద్యాసంస్థల బాధ్యత. నిర్ణీత వైకల్యం గల పిల్లలకు ఆరు నుండి పద్దెనిమిదేళ్ల వరకు ఉచిత విద్య హక్కు. ప్రాథమిక స్థాయిలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు, పై తరగతుల్లో పదిహేనుమందికి ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలన్న నిష్పత్తిని సుప్రీంకోర్టు 2021లో పేర్కొన్నది. మండల స్థాయిలో భవిత కేంద్రాలు, వాటిలో ఐఈఆర్‌పీలు ఈ వ్యవస్థకు క్షేత్రస్థాయి రూపం.

ఆచరణలో దూరమే మొదటి అడ్డంకి. చేవెళ్ల నుండి నగరంలోని థెరపీ కేంద్రానికి వెళ్లిరావడమంటే ముప్పావుగంట శిక్షణకు ఒక దినమంతా ఖర్చు కావడం. తల్లి కూలి పోతుంది, పిల్లవాడి బడి పోతుంది, బస్సు రద్దీకి, హారన్లకు అతను కుదేలవుతాడు. బోయిన్‌పల్లి నగరానికి ఉత్తరాన ఉన్నది. జిల్లా కలెక్టరేటు 2022 నుండి ఇబ్రహీంపట్నం వైపున్న కొంగరకలాన్‌లో ఉన్నది. పద్దెనిమిదేళ్లు నిండిన తరువాత సంరక్షకుని నియామకం కోసం జాతీయ ట్రస్టు చట్టం ప్రకారం ఆశ్రయించవలసిన స్థానిక స్థాయి కమిటీకి అధ్యక్షుడు కలెక్టరే. పేరులో స్థానికత ఉన్నది. చేవెళ్లకు మాత్రం అది జిల్లా అవతలి అంచు. 'మా తరువాత వీడికెవరు?' అన్న ప్రశ్నకు జవాబు వెతికే తల్లిదండ్రులు ఆ దూరమంతా ప్రయాణించాలి.

రెండవ అడ్డంకి మాధ్యమం. 2022-23 నుండి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశించింది. అందరు పిల్లలకూ ఇది మార్పే. ఇంట్లో సంపాదించిన పది పదాలే ఆస్తిగా బడికి వచ్చిన పిల్లవాడికి అది ఆస్తినష్టం. అతని బ్యాగులో బొమ్మల కార్డులుంటే వాటి కింద 'నీళ్లు', 'బాత్రూమ్', 'చాలు' అన్న మాటలు ఇంటి భాషలోనే ఉండటం అవసరం.

మూడవది 'ప్రత్యేక అవసరాలు' అన్న పదబంధమే. అది అవసరాన్ని పిల్లవాడి ఒంట్లో పెడుతుంది. గంట మోగబోతున్నదని ముందే చెప్పడం, ఒకసారి ఒకే పని చెప్పడం, చెప్పి జవాబు కోసం ఆగడం, రోజు క్రమాన్ని బొమ్మలతో గోడకు అంటించడం, మధ్యాహ్న భోజనం వేళ రద్దీకి దూరంగా ఒక మూల ఇవ్వడం ప్రత్యేకమైనవి కావు. ఇవి మంచి తరగతిగదికి ఉండవలసిన సాధారణ లక్షణాలే. వీటి వల్ల ఆటిజం లేని పిల్లలూ బాగుపడతారు. ప్రత్యేక ఉపాధ్యాయుడు రాలేదన్న కారణంతో సాధారణ ఉపాధ్యాయుడు ఇవి మానవలసిన అగత్యం లేదు.

8. ముగింపు:

• 'స్వలీనత' వంటి అనువాదపదాలు ఆటిజంలోని ఇంద్రియతీవ్రతను మరుగుపరుస్తున్నాయి. తెలుగులో 'ఆటిజం' అన్న రూపమే నిలవడం మేలు.

• 1999 నిర్వచనంలోని అసమాన వికాసం అన్న భావన 2016 నాటికి జారిపోయింది. పిల్లల వ్యక్తిగత విద్యాప్రణాళికలు రాసేటప్పుడు దానిని తిరిగి తెచ్చుకోవాలి.

• సర్వనామ వ్యత్యయాన్ని తెలుగులో సర్వనామాలలో కాక క్రియాంతాలలో వెతకాలి. తెలుగు మదింపు ప్రశ్నలు మాండలికాలవారీగా రూపొందాలి.

• పురుషప్రత్యయం అవసరం లేని 'కావాలె' వంటి వాక్యాలు తొలి సంభాషణకు అనువైనవి. ఇంటి భాషను మాన్పించే సలహాకు ఆధారం లేదు.

• తోడ్పాటు నగరంలో కాక మండలంలో ఉండాలి. భవిత కేంద్రాలను బలపరచకుండా హక్కుల గురించి మాట్లాడటం బస్సు లేని ఊరికి టిక్కెట్టు ఇవ్వడం వంటిది.

ఒక భాషకు ఎంతమంది మహాకవులున్నారన్నది దాని గొప్పతనానికి ఒక కొలమానం. ఆ భాషలో పది మాటలే పలికే పిల్లవాడి మాట ఎంతమందికి అర్థమవుతుందన్నది మరొకటి. 'అన్నం తింటవా' అని పిల్లవాడు ఆకలితో అన్నప్పుడు 'నేను తినను, నువ్వు తిను' అని నవ్వే బంధువు, దానిని తప్పుగా దిద్దే ఉపాధ్యాయుడు, లెక్కలోకి తీసుకోని మదింపుపత్రం ముగ్గురూ ఒకే పొరపాటు చేస్తున్నారు. ఆ వాక్యంలో వ్యాకరణం తప్పి ఉండవచ్చు. ఆకలి తప్పలేదు. దానిని విని కంచం పెట్టే తల్లికి ఇది ముందే తెలుసు. మిగిలిన వ్యవస్థ ఆమెనుండి నేర్చుకోవలసి ఉన్నది.